నడిమి లేన్‌లో తెల్ల కారు

చెల్లెలికి ఆడపిల్ల పుట్టిందన్న కబురు రాగానే అక్క కారు తీసింది. పక్క సీట్లో అమ్మ కూర్చుంది. చీకటి పడింది, వాన కుండపోతగా కురుస్తోంది.

"కాస్త తొక్కవే, నా మనవరాలు ఎదురుచూస్తుంటుంది!" అంది అమ్మ సంతోషం పట్టలేక.

"దానికింకా కళ్లే తెరుచుకుని ఉండవమ్మా," అని నవ్వి అక్క వేగం సగానికి తగ్గించింది. రోడ్డు రెండంచుల్లోనూ నీళ్లు నిలిచాయి. కాస్త మెరకగా ఉన్న నడిమి లేన్‌లోకి మారి, ముందు వెళ్తున్న తెల్ల కారు చక్రాల జాడలోనే పోనిద్దామనుకుంది. జాడలో నీళ్లు తక్కువుంటాయి, టైర్లు జారవు.

కానీ జాడే లేదు. ఆ కారు కళ్లముందే వెళ్తున్నా దాని చక్రాల కింద నీళ్లు చీలడం లేదు, చుక్కైనా చిందడం లేదు. తను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది. అక్క వైపర్ల వేగం పెంచి మళ్లీ చూసింది. అమ్మ మాత్రం పిల్ల ముక్కు ఎవరి పోలికో తేలుస్తోంది.

ఉన్నట్టుండి ఆ కారు వెనక ఎర్ర లైట్లు భగ్గుమన్నాయి. అక్క మెల్లగా బ్రేకు నొక్కి ఆపింది. మరుక్షణం రెండు కార్ల మధ్య పెద్ద చెట్టు ఫెళ్లున విరిగి పడింది.

చెట్టు కొస పక్కనుంచి నడక వేగంతో పోనిచ్చి, ఆగి ఉన్న తెల్ల కారు పక్కకొచ్చింది అక్క. డ్రైవరు సీట్లో ఎవరూ లేరు.

అమ్మ అద్దం దించి, "మాకు మనవరాలు పుట్టిందండీ!" అని అరిచింది. మురిసిపోతూ కూతురి భుజం తట్టింది. "ఎంత ఆనందంగా చెయ్యూపుతోందో చూడవే ఆవిడ! నువ్వూ ఊపు."

ఆ ఖాళీ సీటుకేసి చూస్తుంటే అక్కకు ఎందుకో నవ్వొచ్చింది. చెయ్యెత్తి ఊపింది.