తెర వెనుక దగ్గు

దగ్గు ఎప్పుడొస్తుందా అని ప్రొఫెసర్ గారు చెవులు రిక్కించి కూర్చున్నారు.

యూనివర్సిటీలో వయొలిన్ డిగ్రీకి ప్రవేశ పరీక్ష. మిగిలింది ఒక్క సీటు. ముఖాలు చూసి మార్కులేస్తున్నారని నిరుడు పెద్ద గొడవైంది. అందుకని ఈసారి మధ్యలో నల్ల తెర కట్టారు. పేర్లు లేవు, నంబర్లే. తెర ఆలోచన ప్రొఫెసర్ గారిదే. దాన్ని దాటే ఉపాయమూ ఆయనదే.

"మావాడికి సీటు రాకపోయిందో, నీ మొహం నాకు చూపించకు," అని అక్క ఫోన్లో తెగేసి చెప్పింది. అక్కంటే ఆయనకు ఈ వయసులోనూ హడల్. మేనల్లుడి వాయింపు ఆయన ఒక్కసారే విన్నారు, వాడి చిన్నప్పుడు. తలుపు సందులో పిల్లి తోక ఇరుక్కున్నట్టుంది.

"వాయించే ముందు రెండుసార్లు దగ్గమను. మిగతాది నేను చూసుకుంటా," అన్నారు.

మొదటి నలుగురూ దగ్గలేదు. వాళ్లకు చేతికొచ్చిన మార్కులు వేసేశారు.

ఐదో నంబరూ దగ్గలేదు. కానీ కమాను తీగను తాకగానే గదిలో గాలి కూడా ఆగినట్టయింది. పక్కనున్న లెక్చరర్ మేడమ్ టీ కప్పు నోటిదాకా తెచ్చి మర్చిపోయారు. ప్రొఫెసర్ గారి కళ్లు చెమ్మగిల్లాయి. పాఠం చెబితే ఇలాంటివాళ్లకు చెప్పాలి అనుకున్నారు. అంతలో అక్క గుర్తొచ్చింది. గుండె రాయి చేసుకుని నూటికి పది వేశారు. వేస్తుంటే సిగ్గేసింది కూడా.

"పదేనా సార్?" మేడమ్ నోరెళ్లబెట్టారు.

"శ్రుతి తప్పింది. మీరు గమనించలేదు," అన్నారాయన తలెత్తకుండా. పెద్దాయన మాటే ఆఖరి మాట కాబట్టి ఆవిడ ఊరుకున్నారు.

ఆరో నంబరు దగ్గింది. రెండుసార్లు, శుభ్రంగా. వెంటనే పిల్లి తోక మళ్లీ తలుపులో ఇరుక్కుంది. ఇంకా అనుమానమెందుకు, మనవాడే! ప్రొఫెసర్ గారు పళ్లు బిగబట్టి తొంభై ఎనిమిది వేశారు.

మార్కుల కవరు సీలు వేయించి పంపాక, బరువు దిగిపోయి నడవాలోకి వచ్చారు. మేనల్లుడు ఎదురొచ్చాడు. నూనూగు మీసాలు, చంకలో వయొలిన్ పెట్టె.

"ఏం దగ్గావురా! నిజం జలుబనుకున్నా," అని వీపు చరిచారు. "వెళ్లి మీ అమ్మకు చెప్పు, సీటు వచ్చేసిందని."

వాడు ఇబ్బందిగా నవ్వాడు.

"అమ్మ చెప్పింది కానీ, దగ్గి సీటు తెచ్చుకోవాలనిపించలేదు. దగ్గింది నేను కాదు మామయ్యా, నా తర్వాత వెళ్లినమ్మాయి, పాపం నిజంగానే జలుబు," అన్నాడు ఐదో నంబరు.