కింది ఇంటి స్విచ్చు

2022 నవంబరు పద్దెనిమిది, శుక్రవారం సాయంకాలం. సైదా పట్టణంలో, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న నుహా ఇంట ముగ్గురున్నారు: నుహా, పై అంతస్తులో ఉండే పొరుగావిడ రబాబ్, ఎలక్ట్రీషియన్ ఖలీల్.

మేడమీది సోలారు రెండిళ్లకూ ఉమ్మడి. దాని బ్యాటరీలు అడుగంటగానే నుహా ఇంటిని పేటవాళ్లంతా నెలనెలా డబ్బు కట్టి వాడుకునే జనరేటరుకు దానంతట అదే మార్చే స్విచ్చును ఖలీల్ బిగించాడు. కొనిచ్చినది రబాబ్, తన బంగారు గాజు అమ్మి. రోజూ నుహా పిలవగానే తన భర్త వాసిఫ్ ఆమె ఇంటిని జనరేటరుకు మార్చే లివరు తిప్పడానికి పరుగెత్తడం రబాబ్ ఇక చూడలేకపోయింది.

"ఎందుకు వదినా ఇంత ఖర్చు? అన్నయ్య ఉన్నాడుగా!" అంది నుహా.

"ఉన్నాడనేగా కొన్నది!"

అంతలో సోలారు ఆగింది. స్విచ్చు టక్కుమంది. నుహా దీపం ఒక్కసారి రెప్పవేసి మళ్లీ వెలిగింది. పైన రబాబ్ ఇల్లు చీకటైంది.

టార్చితో గబగబా దిగివచ్చిన వాసిఫ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇక్కడ వెలుగుతోందే!"

"ఇక వెలుగుతూనే ఉంటుంది. మీరెళ్లి మన లివరు తిప్పండి," అంది రబాబ్.

"మనది ఎటు తిప్పాలి?"

"ఇక్కడిది కళ్లు మూసుకుని తిప్పుతారు. మనింట్లోది తెలియదా?"

"నువ్వే తిప్పేసుకుంటావుగా. ఒక్కసారైనా నన్ను పిలిచావా?"

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు, చిన్నబోయినట్టుంది.

ఖలీల్ వారంటీ కాగితం చాచాడు. "మీ ఇంటికీ ఒకటి పెట్టమంటావా, అక్కా?"

"వద్దు," అంది రబాబ్ భర్త వైపు చూస్తూ. సంతకం చేసి, కాగితం మడిచి, సంచిలో పెట్టుకుంది.