గోడ దాటే పాట

"ఊపిరేది?" అడిగాడు యిర్మియా.

ఉపేందర్‌కు అర్థం కాలేదు. "ఎవరి ఊపిరి, కాక?"

"వాయించేటాయనది. పాట షురూ చేసే ముందు గట్టిగ ఊపిరి పీలుస్తడు. అది ఇందుల లేదు."

"ఈ రికార్డును శుభ్రం చేసిండ్రు కాక. గరగర, ఊపిరి, అన్ని తీసేసిండ్రు. అందరు ఇదే కొంటున్నరు."

"అందరి సంగతి నాకెందుకు? ఇంకోటి పెట్టు."

గోదావరిఖని చౌరస్తా దగ్గర ఉపేందర్‌ది పాత టేపురికార్డర్లు బాగుచేసే షాపు. ఈమధ్య మళ్ళీ అచ్చవుతున్న పాత రికార్డులు కూడా హైదరాబాద్ నుంచి తెప్పిస్తున్నాడు. కొనేవాళ్ళకంటే చేత్తో తిప్పి చూసి పోయేవాళ్ళే ఎక్కువ. అలాంటిది, గనిలో రిటైరై ఐదేళ్ళయిన ఈ పెద్దాయన పోయిన నెల వచ్చి రికార్డు ప్లేయరు కొన్నాడు. ఇప్పుడేమో అమెరికాలో ఎవరో జాజ్ కళాకారుడు అరవై ఏళ్ళ కిందట సాక్సోఫోన్ మీద వాయించిన పాట కావాలంటున్నాడు. ఆ ఒక్క పాటనే మూడు కంపెనీలు మూడు రకాలుగా మళ్ళీ విడుదల చేశాయి. ఉపేందర్ పంతం కొద్దీ మూడూ తెప్పించాడు.

రెండో రికార్డులో ఊపిరి వినిపించింది. యిర్మియా తలూపి లేచాడు.

"తలుపు ముయ్యి. నేను బయటికి పోయి వింట."

"బయటికా?"

ఆయన పక్క సందులోకి వెళ్ళి షాపు గోడకు చెవి ఆనించాడు. కూరగాయల సంచులతో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి వింతగా చూశారు. రెండు నిమిషాలకు తిరిగి వచ్చి పెదవి విరిచాడు.

"సన్నగ ఉన్నది. గోడ దాటుతలేదు."

"గోడ ఎందుకు దాటాలె కాక?"

"మా పక్క క్వార్టర్ల టోనీ ఉంటడు. వానికి వినపడాలె."

"దోస్తా?"

"దోస్తా!" యిర్మియా మూతి తిప్పాడు. "వానితోని మాట్లాడక ఎనిమిదేండ్లు. చర్చి బ్యాండుల సాక్సోఫోన్ వాయించేటోడు. ఈ పాట ఒక క్యాసెట్ల విని నేర్చుకున్నడు, ఆ ఊపిరితోని సహా. నేను రాత్రి షిఫ్టు దిగొచ్చి పండుకుందునా, గోడ అవతల వీడు షురూ చేసేటోడు. ముప్పై ఏండ్లు. ఒక్కటే పాట. కన్నంటకపోయేది."

"అందుకే మాటలు బందైనయా?"

"అందుకు కాదు. నేను గని పైన ఇంజిను నడిపేటోన్ని. తాడు గట్టి బొగ్గు డబ్బాలు గుంజేది. వాడు కింద నిలబడి గంట కొట్టేటోడు. ఒకటి కొడితే ఆపాలె, రెండు కొడితే నడపాలె. ఒకనాడు నడిపిన, డబ్బాలు బోర్లపడ్డయి. ఎవలకు దెబ్బ తాకలే గాని, విచారణ అయింది. 'నేను ఒకటే కొట్టిన, యిర్మియా చెవులు చెడిపోయినయి' అన్నడు వాడు, అందరి ముందట."

"నీకెన్ని వినపడ్డయి కాక?"

"రెండు," అన్నాడు యిర్మియా. అని చెవి రుద్దుకుంటూ రోడ్డు వైపు చూశాడు.

ఉపేందర్‌కు ఇప్పుడు సంగతి అర్థమైంది. నవ్వాడు. "అయితే ముప్పై ఏండ్ల నిద్రకు బదులు తీర్చుకుంటున్నవన్నమాట!"

యిర్మియా మిగిలిన రికార్డు వైపు వేలు చూపించాడు. "మూడోది పెట్టు," అన్నాడు.

మూడోది పాత టేపును ఏమాత్రం దిద్దకుండా అచ్చేసినది. గరగరమంటోంది, కానీ శబ్దం బరువుగా ఉంది. ఈసారి యిర్మియా సందులో పాట అయిపోయేదాకా నిలబడ్డాడు. చెవికి అంటిన సున్నం తుడుచుకుంటూ లోపలికి వచ్చి, "ఇదే కట్టియ్యి," అన్నాడు.

ఇంటికి వచ్చి ప్లేయరు బయటికి తీసి, స్పీకరును గోడ వైపు తిప్పి పెడుతుంటే భార్య లిడియా వంటింట్లోంచి వచ్చింది. రికార్డు మీద సాక్సోఫోన్ బొమ్మ చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? టోనీ దవాఖానల నుంచి వచ్చి పది రోజులు కాలే. ఊపిరితిత్తులు ఆగమైనయి, ఇగ సాక్సోఫోన్ ముట్టద్దన్నరట. గోడ దిక్కు తిరిగి పండుకుంటడట. తిండి లేదు, మాట లేదు. ఆయన భార్య సారిక రోజూ నా దగ్గర ఏడుస్తాంది. వాయించ చేతకాని మనిషికి వాని పాటనే వినిపిస్తవా? పగ ఉంటె మాత్రం గింత పగా?"

యిర్మియా రికార్డు పెట్టి, ముల్లు దించి, శబ్దం పెంచాడు.

ముందు ఊపిరి, ఆ వెనుక పాట. మధ్యాహ్నపు ఎండకు తలుపులేసుకున్న కాలనీలో సాక్సోఫోన్ నెమ్మదిగా మోగింది. లిడియా కోపం పట్టలేక గడపలోకి వెళ్ళి నిలబడింది. యిర్మియా స్పీకరు పక్కనే కూర్చుని గోడకేసి చూస్తున్నాడు.

పాట సగంలో ఉండగా గోడ అవతల దేనితోనో కొట్టిన చప్పుడయింది. స్టీలు గ్లాసేమో.

ఒకటే దెబ్బ.

"ఇగో, ఆపుమంటాండు," అంది లిడియా. "వినపడ్డదా?"

"వినపడ్డది. ఒకటే," అన్నాడు యిర్మియా. వెంటనే ముల్లు పైకెత్తాడు.

యిర్మియా రికార్డు తీసి కవరులో పెట్టబోయాడు. అది అంచుకు తగిలి లోపలికి పోలేదు. కళ్ళలో నీళ్ళు లిడియాకు కనబడకుండా తల వంచుకున్నాడు. పగ తీరిన మనిషి ముఖంలా లేదది.

అప్పుడు గోడ అవతల నుంచి రెండు దెబ్బలు వినిపించాయి.