కలబంద కంచె

గుట్ట కింద ఒక తల్లి పందికొక్కు కాపురముండేది. ఎండాకాలం గుట్ట అంటుకోవడం, పిల్లల్ని నోట కరుచుకుని అది పరుగులు తీయడం ఏటా ఉన్నదే. ఆ ఏడు ఇక చాలనుకుంది. కలుగు చుట్టూ ఏపుగా పెరిగిన బోదగడ్డినంతా కొరికేసింది. మట్టల నిండా నీళ్లుంటాయి కదా అని కలబంద తెచ్చి నాటింది. సందుల్లో పాయలకూర పాకించింది.

"ఇక నిప్పు నా గడప తొక్కదు," అని మీసాలు దువ్వుకుంది.

పక్క గుంటలోని తాబేలు మెడ సాచి చూసింది. "కంచె బాగుంది కోడలా. మరి గుమ్మంలో ఆ కుప్పేమిటి?"

"కొరికిన గడ్డి మామా! పిల్లలకు పక్కేస్తాను. చేతికొచ్చినదాన్ని పారేసే పందికొక్కును ఎక్కడైనా చూశావా?"

ఎండలు ముదిరాక గుట్ట అంటుకుంది. మంట బుసకొడుతూ వచ్చి, కలబంద దగ్గర చిటపటలాడి చల్లబడింది. పందికొక్కు పకపకా నవ్వింది. అంతలో గాలికి ఒక నిప్పురవ్వ కంచె మీదుగా ఎగిరొచ్చి గడ్డికుప్పలో పడింది. గుమ్మం భగ్గుమంది. మీసాలు మాడుతున్నా లెక్కచేయక, పిల్లల్ని ఒక్కొక్కదాన్నే ఈడ్చుకుంటూ వెనక కన్నంలోంచి బయటపడింది.

వానలు పడ్డాక కుందేలు వచ్చి, ఇంటి చుట్టూ ఏ మొక్కలు నాటాలో చెప్పమంది.

పందికొక్కు మాడిన మీసాలు తడుముకుంటూ లేచింది. "మొక్కల సంగతి తర్వాత వదినా. పద, ముందు నీ గుమ్మంలో ఏం దాచావో చూపించు."