గిజిగాడు కట్టిన కబురు

కొండ మీద వాన దంచుతోంది. వాగు అవతల పల్లపు బొరియలో ఒక ముంగిస, ఇంకా కళ్లు తెరవని దాని పిల్లలు ఉన్నాయి. వరద వస్తోందని వాటికి చెప్పి రావాల్సిన పని తేనెపిట్టది. కానీ ఆ అడవిలో ఏ కబురైనా గిజిగాడి ముక్కున పడి, ముస్తాబయ్యాకే బయల్దేరాలి.

"వరద" అని గీసిన ఆకును గిజిగాడు ఒక గూడు కట్టి, దాని లోపలి గదిలో దాచాడు. గోడలకి మిణుగురు దీపాలు అంటించాడు. పక్క చెట్లవాళ్లు తమ చెట్ల పళ్లు కూడా ముంగిసకి రుచి చూపించమంటే, అవీ వేలాడదీశాడు. తేనెపిట్ట ఊపిరి బిగబట్టి లాగింది. గూడు కదల్లేదు.

"మామా, నేనెంత, ఇదెంత? మాట ఒక్కటీ ఇవ్వు, పోతాను."

"వట్టి మాటని ఎవరు పట్టించుకుంటారే పిచ్చిదానా? కాస్త కంటికి ఇంపుగా ఉండొద్దూ?"

"మునిగేవాళ్లకి ముస్తాబెందుకు మామా?" అని, జవాబు కోసం ఆగకుండా ఎగిరిపోయింది తేనెపిట్ట. వానకి రెక్కలు బరువెక్కాయి గానీ మాట బరువెక్కలేదు.

"వరదొస్తోంది, గుట్టెక్కు" అంది ముంగిసతో. అంతే అంది. ముంగిస పిల్లల్ని ఒక్కోదాన్నీ నోట కరుచుకుని గుట్ట మీదికి చేర్చేసరికి బొరియ మునిగిపోయింది.

వాన వెలిశాక గుట్ట కింది పొదలో ఏదో చిక్కుకుని కనబడింది. గిజిగాడి గూడే. వరదే మోసుకొచ్చింది. మిణుగురులు ఎప్పుడో ఎగిరిపోయాయి. గదులన్నీ వెతగ్గా అడుగున ఆకు దొరికింది.

"వరద" అని చదివి ముంగిస తేనెపిట్ట వైపు చూసి నవ్వింది. "పాపం, ఎంత ఒళ్లొంచి కట్టాడో. ఇంకోటి కట్టమను, పిల్లలు ఊగుతారు. కబురు మాత్రం నువ్వే చెప్పు తల్లీ."