టీసీగారి నమ్మకం

“ఇది అన్యాయం డాక్టరుగారూ! ఇన్నాళ్లూ లేని రూలు ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?” టీసీగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“మీ బావమరిది గోల భరించలేక ఊడిపడింది. కూర్చోండి,” అన్నాడు పళ్ల డాక్టరు.

సెలవురోజు మధ్యాహ్నం. క్లినిక్‌లో రోగులు కూర్చునే గదిలో, పుచ్చిపళ్ల పటం కింద, నలుగురూ టీపాయ్ చుట్టూ చేరారు. ఆడేది రక్తపిశాచాల ఆట. డాక్టరు కథ నడుపుతాడు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని పాచికలు వేస్తారు. రైల్లో టికెట్లు తనిఖీ చేసే టీసీగారు ఇందులో సాధువు. ఆయన బావమరిది పిశాచాల రాజు. టీసీగారి భార్య, అంటే బావమరిదికి అక్క, ఊరి మంత్రసాని. పాత్ర చచ్చిందంటే ఆ మనిషి ఆటలోంచి లేచిపోయి మిగతావాళ్లకి టీలు కాచి పొయ్యాలి. టీ సంగతి అటుంచితే, ఆ సాధువుని టీసీగారు ఏళ్ల తరబడి కన్నకొడుకులా పెంచుకున్నారు.

“ప్రతివారం ఇదే తంతు,” అన్నాడు బావమరిది. “నేను కోరలు బయటపెట్టడం, బావ దీపం చూపించి పెద్ద నంబరు వెయ్యడం, నేను గబ్బిలమై పారిపోవడం. పిశాచానికి మాత్రం పరువుండదా?”

“అందుకే మార్చాను,” డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “సాధువు బలం పాచికలో కాదు, నమ్మకంలో ఉండాలి. టీసీగారూ, మీరు పాచికని ఈ గ్లాసులో వేసి, కుదిపి, బోర్లించండి. కథలో కోడి కూసేదాకా ఎత్తి చూడకూడదు. చూడకుండా ఉన్నారా, మీ నమ్మకం గట్టిది, పిశాచం బూడిద. ఎత్తి చూశారా, ఎంత పడినా సరే, దీపం ఆరిపోతుంది. సాధువు ఖతం.”

అది రోగులు పుక్కిలించడానికి ఇచ్చే స్టీలు గ్లాసు. డాక్టరు కడిగానని చెప్పినా టీసీగారు వాసన చూశారు.

బావమరిది మొహం మాడింది. “అంటే ఊరికే కూర్చుంటే గెలిచినట్టేనా? ఇంకేం, బావ గెలిచాడు పో!”

అక్క పకపకా నవ్వింది. “మీ బావా? చూడకుండానా? మొన్న అమ్మ రైలు దిగి ఇంటికొస్తే, మంచినీళ్లివ్వకుండా టికెట్ అడిగిన మనిషిరా! పాలు కాగాయంటే వేలు పెట్టి చూస్తారు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూస్తారు.”

మాడిన మొహం వెలిగిపోయింది. “డాక్టరుగారూ, రూలంటే ఇదీ! నాకు సమ్మతం.”

టీసీగారు భార్య వంక ఓసారి గుర్రుగా చూశారు. గ్లాసు అందుకుని, పాచిక వేసి, మూతి మీద అరచెయ్యి పెట్టి, గడగడలాడించి, ఠపీమని టీపాయ్ మీద బోర్లించారు. ఆ చెయ్యి గుండెల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

“చీకటి,” డాక్టరు మొదలుపెట్టాడు. “మఠం తలుపు కిర్రుమంది. గడప మీద పిశాచాల రాజు.”

“స్వామీ,” బావమరిది గొంతు బొంగురు చేశాడు, “గ్లాసు కింద ఒకటి పడింది. నేను చూశాను.”

సాధువు ఉలకలేదు.

“పాచిక అంచు మీద నిలబడిందేమో స్వామీ! అలా నిలబడితే లెక్కలోకి వస్తుందా, రాదా? ఒక్కసారి చూసుకుంటే పోలా?”

పలకలేదు.

పిశాచం ప్రాధేయపడింది, వెక్కిరించింది, గ్లాసు మీద గోటితో టింగుమని కొట్టింది. చివరికి చేసేదిలేక అక్క వైపు తిరిగింది. “నువ్వన్నా ఏదో ఒకటి అనవే!”

మంత్రసాని కాసేపు తటపటాయించి మొగుడి చెవి దగ్గరికి వంగింది. “ఏవండీ, వచ్చేటప్పుడు గ్యాస్ కట్టేశారా?”

మామూలు రోజైతే ఆ మాటకి టీసీగారు చెప్పులైనా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తేవారు. ఇవాళ చిన్నగా నవ్వారు, అంతే. కళ్లు తెరవలేదు. ఆ మొహంలో ఉన్న ప్రశాంతత ఆవిడ పెళ్లయ్యాక ఎన్నడూ చూడలేదు.

బావమరిదికి చెమటలు పట్టాయి. డాక్టరు కథని ఎంత సాగదీసినా చివరికి కోడి కూయక తప్పలేదు. ఆటలో కోడి కూడా ఆయనే. లేచి నిలబడి, మెడ చాచి, వీధిలో కుక్క మొరిగేంత గట్టిగా కూశాడు.

“తెల్లారింది! సాధువు గెలిచాడు. పిశాచం బూడిద!”

టీసీగారు కళ్లు తెరిచారు. ఎదురుగా భార్య కళ్లనిండా నీళ్లు. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి ఒక్కసారైనా, ఒక్కదాన్నైనా తరిచి చూడకుండా నమ్మితే బాగుండునని ఆవిడ కోరుకోని రోజు లేదు.

“ఏవండీ,” అంది, “మీలో ఇంత నమ్మకం ఉందని నాకు ఇవాళే తెలిసింది. ఇన్నాళ్లూ మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను!”

“పోనీలేవే,” అన్నారు టీసీగారు పెద్దమనసుతో.

డాక్టరు కూడా కరిగిపోయాడు. “టీసీగారూ, మీకు శతకోటి దండాలు. నేనైతే ఎప్పుడో ఎత్తి చూసేవాణ్ణి.”

“సరేలెండి, టీ కాయడానికి నేనే పోతాను,” బావమరిది ఏడుపుమొహంతో లేచాడు. “ఇంతకీ ఏ నంబరు చేతిలో చచ్చానో అదైనా చూడనివ్వండి.” గ్లాసు ఎత్తాడు.

కింద ఏమీ లేదు.

గ్లాసు తిప్పి చూశాడు. దులిపాడు. డాక్టరు టీపాయ్ కిందికి దూరాడు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే కుర్చీల కింద వెతకసాగింది.

“ఎందుకు అవస్థ పడతారు?” టీసీగారు చొక్కా జేబులోంచి పాచిక తీసి బల్ల మీద పెట్టారు. “లోపల ఏమీ లేదని ఖాయంగా తెలుసు కాబట్టే కదా, అంత నమ్మకంగా కూర్చున్నాను!”