సీసాలో పోసిన కాఫీ

ఉన్నది ఒక్క గ్లాసు, అదీ మానేస్తే ఇక పొద్దున్నే కాసేపు కూర్చోవడానికి సాకేముంటుంది, అనుకుంది నాగరత్నం.

సుల్తాన్ బజార్ చీరల దుకాణంలో రోజంతా నిలబడే పని. నాంపల్లిలోని ఈ రెండు గదుల ఇంట్లోనూ నిలబడే పని. మధ్యలో, కిటికీ పక్క స్టూలు మీద ఆ గ్లాసుడు కాఫీ. అప్పుడెవరు పిలిచినా ఆమెకు వినబడదు.

గుమ్మంలో హైందవి నిలబడి ఉంది. ల్యాబ్ నుంచి వచ్చిన పిల్ల. కాఫీతో పాటు జనం ఒంట్లోకి ఇంకేమేం పోతున్నాయో చూసే సర్వే అట. మొన్నామధ్య వచ్చి, వారం పాటు నాగరత్నం తాను తాగే కాఫీనే, తాగినంత కొలతలో సీసాలో కూడా పోసి ఇవ్వాలంది. నాగరత్నం పోసి ఇచ్చింది. ఆ వారమంతా సీసా వంటింటి గట్టు మీద చుట్టంలా కూర్చుంది.

"ఆంటీ, మీ సీసా కాఫీల అక్రిలమైడ్ మస్తుగున్నది," అంది హైందవి. "గింజలు వేంచేటప్పుడు పుట్టే రసాయనం. చికోరీ కలిస్తే ఇంకా ఎక్కువ. గింత చిక్కగ తాగుతున్రేంది?"

"జబ్బు చేస్తుందా అమ్మా?"

"ఇప్పుడేం గాదు. ఏండ్లకేండ్లు తాగుతే మంచిది కాదు. జర తగ్గించుర్రి."

పేపరు వెనక నాగరత్నం భర్త శ్రీరామమూర్తి నవ్వాడు. అబిడ్స్ వెళ్లి, సగానికి సగం చికోరీ కలిపించి పొడి తెచ్చేది ఆయనే.

"విన్నావుగా? ఇవాళ్టి నుంచే మానెయ్. నాకొక్కడికీ కలిపితే చాలు."

"మరి మీకేం కాదా?"

"రిపోర్టు నీదే పిచ్చిమొహమా, నాది కాదుగా!"

హైందవి కూడా నవ్వేసి వెళ్లిపోయింది.

వాదించడానికి ఓపిక ఉండాలి. నాగరత్నం వంటింట్లోకి నడిచింది. పాలు పొంగాయి. ఎప్పట్లాగే రెండు గ్లాసులు తీసింది.

ఆయన గ్లాసు ఆయన చేతికిచ్చింది. ఒక గుక్క తాగి, "ఆహా, ఇదీ కాఫీ అంటే!" అన్నాడు. ఆమె రెండో గ్లాసు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"ఏమిటే, మళ్లీ తాగుతున్నావు? చెప్పింది నీక్కాదూ?"

ఆమెకు వినబడలేదు.

పరాయివాళ్లకు నీళ్ల కాఫీ పంపడం మర్యాద కాదని వారమంతా ఆమె సీసాలో పోసింది ఆయనకిచ్చే మొదటి డికాషన్. పెళ్లయిన నాటి నుంచీ ఆమె గ్లాసులోకి వచ్చేది, ఆ పిప్పి మీదే మళ్లీ నీళ్లు పోస్తే దిగే రెండోది.